ఘంటసాల భగవద్గీతను మనం చివరిదాకా విన్నామా?

గత మార్గశిరంలో, గీతా జయంతి నాటి ఉదయం, హాల్లో ఘంటసాల భగవద్గీత పెట్టుకుని కూర్చున్నాను. రెండు శ్లోకాలు పూర్తయ్యాయో లేదో, లోపలి గదిలోంచి మా అమ్మ "పొద్దున్నే అదేమిట్రా, ఆపెయ్" అంది. అమ్మ గీతను రోజూ చదువుకునే మనిషి. పుస్తకం ఆమె దిండు పక్కనే ఉంటుంది. ఆమె అభ్యంతరం గీత మీదా కాదు, ఘంటసాల మీదా కాదు. ఆయన గొంతులో గీత మా ఇంటి గడప దాటి బయటికి వినపడటం మీద. ఆమె భయపడినట్టే, పది నిమిషాలకు ఎదురింటావిడ తలుపు తట్టి, చెప్పులు బయటే విడిచి, గొంతు బాగా తగ్గించి "పెద్దమ్మగారు బాగానే ఉన్నారు కదండీ?" అని అడిగింది. అమ్మే లేచి వచ్చి, ఆవిడను కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి పంపించింది.

తెలుగువాళ్లు ఉండే ఏ ఊళ్లోనైనా తెల్లవారుజామున ఆ గొంతు దూరం నుంచి వినిపిస్తే ముందుగా నోటికి వచ్చే మాట "ఎవరు పోయారో" అన్నదే. శవాన్ని ఉంచిన వాకిట్లో అదే రికార్డు, వైకుంఠ రథం మీద కట్టిన స్పీకరులో అదే రికార్డు. గాయకుడు కన్నుమూసిన ఏడాదే, 1974లో, విడుదలైన ఒక గ్రామఫోను ఆల్బమ్ ఇన్ని లక్షల ఇళ్లకు మరణ సూచనగా మారిపోయిందంటే, దానంత లోతుగా మన జీవితాల్లోకి దిగిన తెలుగు ఆల్బమ్ మరొకటి ఉన్నదని నేను అనుకోను. అయినా దాని గురించి మనం రాసుకున్నవి ఎక్కువగా నివాళులు. ఎక్కడ మొదలై ఎక్కడికి చేరుతుంది, ఏ శ్లోకాలను ఎంచుకుంది, వేటిని వదిలేసింది, ఏ సంప్రదాయాల్లోంచి వచ్చింది అని ఒక రచనను పరిశీలించినట్టు దాన్ని పరిశీలించింది తక్కువ. ఆ పని నాకు చేతనైనంత మేరకు ఇక్కడ చేయాలనుకుంటున్నాను. నా అభిప్రాయాన్ని ముందే చెప్పేస్తాను: ఈ ఆల్బమ్‌లో మాట దుఃఖించవద్దని చెబుతుంటే, గొంతు దుఃఖానికి చోటిస్తుంది. చావింటివాళ్లు దాన్ని పట్టుకున్నది ఆ గొంతు కోసం. అది ఎంతో సహజం. కాని అక్కడే ఉండిపోవడం వల్ల ఆల్బమ్‌లో ముప్పాతిక భాగం, బతికున్నవాళ్ల కోసం పాడిన భాగం, మన చెవిన పడకుండా పోయింది.

ముందు దాని స్వరూపం చూద్దాం. భగవద్గీతలో పద్దెనిమిది అధ్యాయాలు, 700 శ్లోకాలు. వాటిలోంచి నూరు పైచిలుకు శ్లోకాలను ఎంచుకుని, అధ్యాయాల వరుస తప్పకుండా, స్వయంగా బాణీలు కట్టి పాడారు ఘంటసాల. శ్లోకం పాడిన తరువాత దాని తాత్పర్యం తెలుగు వచనంలో ఆయనే చెబుతారు. పాడే గొంతు, చెప్పే గొంతు ఒకటే. ఈ చిన్న విషయానికి నేను చాలా విలువ ఇస్తాను. గాయకుడు పాడి వెళ్లిపోతే, వ్యాఖ్యాత వేరే గొంతుతో వచ్చి అర్థం చెబితే అది పాఠం అయ్యేది. ఒకే మనిషి సంస్కృతంలో పాడి, వెంటనే మన వైపు తిరిగి తెలుగులో మాట్లాడటం వల్ల అది ఆ మనిషికీ మనకూ మధ్య జరిగే సంభాషణ అయింది.

ఈ పద్ధతి ఆకాశంలోంచి ఊడిపడలేదు. ఊరి రామాలయం మంటపంలో సాయంత్రం పూట జరిగే పురాణ కాలక్షేపం ఇదే: ఒక పద్యం రాగంతో చదవడం, ఆపి అర్థం చెప్పడం, మళ్లీ పద్యం అందుకోవడం. బడిలో తెలుగు వాచకం చదువుకున్న ప్రతివాడికీ ప్రతిపదార్థం, తాత్పర్యం అన్న మాటలు తెలుసు. ఘంటసాల ప్రతిపదార్థాన్ని వదిలేసి తాత్పర్యాన్ని మాత్రం తీసుకున్నారు. అందుకే అది నడుస్తుంది. పదం పదానికీ ఆగి ఉంటే పాట చచ్చిపోయేది. తాత్పర్యం భాష గ్రాంథికమే, "వలదు", "వైచెను" అనే తరహా. అది జనానికి ఎక్కదని వాదించే మిత్రులు నాకు ఉన్నారు. ఎక్కకపోవడమేమిటి? రామాయణ భారత కథలను వీధి నాటకాల్లో, హరికథల్లో, ఆ తరువాత పౌరాణిక చిత్రాల్లో అదే భాషలో విన్న జనం వీళ్లు. చదువురాని మా నాయనమ్మ ఆ వచనంలో ఏ ఒక్క మాటకూ అర్థం అడగలేదు.

ఛందస్సు వైపు నుంచి చూస్తే ఇంకొక సంగతి బయటపడుతుంది. ఆల్బమ్ "పార్థాయ ప్రతిబోధితాం" అనే గీతా ధ్యాన శ్లోకంతో మొదలవుతుంది. అది శార్దూల విక్రీడితం. పాదానికి పంతొమ్మిది అక్షరాలు; మ, స, జ, స, త, త గణాలు, చివర ఒక గురువు. తిరుపతి వేంకట కవుల నాటకంలో రాయబారానికి వెళ్లిన కృష్ణుడు దుర్యోధనుడితో చెప్పే "జెండాపై కపిరాజు" పద్యం నడక కూడా సరిగ్గా అదే. ఆ పద్యాన్ని కోస్తా పల్లెల్లో పశువులు కాసుకునే పిల్లలు కూడా పాడుకున్నారు. అంటే సంస్కృతం రాని తెలుగు శ్రోత చెవికి ఈ ఆల్బమ్ మొదటి పాదం పరాయిది కాదు. అర్థం తెలియకముందే నడక తెలుసు. నాటకాల మీద పెరిగినవాడికి కృష్ణుడి గురించి పద్యం రాగానే వెన్ను నిటారు అవుతుంది. ఘంటసాలకు ఇది బాగా తెలుసు. పద్యనాటకపు రాగాలాపనను కుదించి, అక్షరం స్పష్టంగా వినపడేలా, భావం చెడకుండా పద్యం పాడే పద్ధతిని సినిమాలో స్థిరపరిచినది ఆయనే. నందమూరి తారక రామారావు కృష్ణుడి వేషం కట్టిన అనేక చిత్రాల్లో ఆ కృష్ణుడి పాటా పద్యమూ ఘంటసాల గొంతులోవే. కనుక 1974లో ఈ రికార్డు మీద ముల్లు పెట్టిన శ్రోతకు కృష్ణుడి గొంతు కొత్తగా పరిచయం కావలసిన అవసరం లేదు. ఏళ్ల తరబడి తెర మీద కృష్ణుడు పాడిన గొంతే ఇప్పుడు గీత చెబుతోంది. ఏ పండితుడి వ్యాఖ్యానానికీ దొరకని అధికారం అది.

ఎల్పీ రికార్డు లేకపోతే ఈ పని సాధ్యమయ్యేది కాదన్నదీ గుర్తుపెట్టుకోవాలి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డు పక్కకు మూడు నిమిషాలు, కొంచెం అటూ ఇటూ. కవి కరుణశ్రీ రాసిన పుష్పవిలాపం పద్యాలను ఘంటసాల పాడినది ఆ ఇరుకులోనే. పద్యం ఆ మూడు నిమిషాల్లో ఇమిడిపోతుంది, ఖండకావ్యం కూడా కష్టపడి ఇముడుతుంది, పద్దెనిమిది అధ్యాయాల గ్రంథం మాత్రం ఇమడదు. పక్కకు ఇరవై నిమిషాలకు పైగా పట్టే ఎల్పీ వచ్చాకనే దక్షిణాదిన భక్తి సంగీతానికి ఒక పెద్ద రూపం ఏర్పడింది. 1963లో వచ్చిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మి వేంకటేశ సుప్రభాతం దానికి తొలి ఉదాహరణల్లో ఒకటి. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. రెండూ సంస్కృతమే, రెండూ మద్రాసులో స్థిరపడిన గాయకుల గొంతుల్లోంచి తెలుగు ఇళ్లకు వచ్చినవే. ఒకటి రోజు మొదలైందని చెప్పే చప్పుడు అయింది, మరొకటి ఒక బతుకు ముగిసిందని చెప్పే చప్పుడు అయింది. సుప్రభాతం దేవుణ్ణి నిద్రలేపే స్తోత్రం కనుక దానికి ఆ వేళ ముందే రాసిపెట్టి ఉంది. గీతకు అటువంటి వేళ ఏదీ లేదు. అది యుద్ధం మొదలు కాబోయే ముందు, ఇంకా ఎవరూ చావకముందు, జరిగిన సంభాషణ.

ఆ కాలంలో గీతను ఎలా చదువుతున్నారన్నది కూడా చూడాలి. ఇరవయ్యో శతాబ్దపు ప్రసిద్ధ గీతా వ్యాఖ్యలు కొన్ని జైళ్లలో పుట్టినవి. తిలక్ మాండలే జైల్లో రాసిన గీతారహస్యం 1915లో అచ్చయింది. వినోబా 1932లో ధూలే జైల్లో తోటి ఖైదీలకు గీత చెప్పారు. గాంధీ అనాసక్తి యోగం 1930లో, దండి యాత్ర మొదలైన రోజునే వెలువడింది. వీళ్లందరికీ గీత పని చేయమని చెప్పే పుస్తకం, ఫలం మీద ఆశ పెట్టుకోకుండా కర్మ చేయమన్నదే దాని కేంద్రం. తెలుగునాట శ్రీకాళహస్తి శుకబ్రహ్మాశ్రమం నుంచి విద్యాప్రకాశానందగిరి స్వామి గీతామకరందం మధ్యతరగతి ఇళ్లలోకి వచ్చి చేరింది. మా అమ్మ దిండు పక్కన ఉన్నది అదే. ఘంటసాల ఈ వాతావరణంలోంచి వచ్చిన మనిషి. 1922లో కృష్ణా జిల్లా చౌటపల్లిలో పుట్టి, విజయనగరం వెళ్లి, మధుకరం ఎత్తుకుని, అంటే ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకుని తిని, పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర సంగీతం నేర్చుకుని, 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్లినవాడు. ఆ తరానికి గీత తప్పించుకునే దారి కాదు, పూనుకునే పిలుపు. ఈ సంగతి మనసులో పెట్టుకుని వింటే, ఆల్బమ్‌లో "కర్మణ్యేవాధికారస్తే" దగ్గర ఆయన గొంతు ఎందుకు అంత నిబ్బరంగా నిలబడుతుందో తెలుస్తుంది.

ఇక నాకు ఈ ఆల్బమ్‌తో ఉన్న అసలు పేచీకి వస్తాను. మూలంలో మొదటి అధ్యాయం పేరే అర్జున విషాద యోగం. నలభైకి పైగా శ్లోకాలు. అందులో అర్జునుడు తన శరీరానికి ఏమవుతున్నదో ఒక్కొక్కటిగా చెప్పుకుంటాడు: అవయవాలు పట్టు తప్పుతున్నాయి, నోరు ఎండిపోతోంది, ఒళ్లు వణుకుతోంది, గాండీవం చేతిలోంచి జారుతోంది, చర్మం మండుతోంది, నిలబడలేకపోతున్నాను. వ్యాసుడు ఆ దుఃఖానికి ఒక అధ్యాయం ఇచ్చాడు, దాన్ని యోగం అన్నాడు. అర్జునుడు ఆ దుఃఖం చెప్పుకున్నంతసేపు కృష్ణుడు మాట్లాడడు. ఆల్బమ్‌లో ఇదంతా కొన్ని వచన వాక్యాలకు కుదించుకుపోయింది. ధ్యాన శ్లోకం తరువాత అర్జునుడి నోట "న కాంక్షే విజయం కృష్ణ" అన్న ఒక్క శ్లోకం వినిపిస్తుంది, ఆ వెంటనే కృష్ణుడు "అశోచ్యానన్వశోచస్త్వం" అని అందుకుంటాడు. దుఃఖించదగని వాళ్ల కోసం దుఃఖిస్తున్నావు, పోయినవాళ్లను గురించీ ఉన్నవాళ్లను గురించీ పండితులు దుఃఖించరు అని. గ్రంథం మొత్తాన్ని నూటికి కుదించేటప్పుడు ఎక్కడో కత్తెర పడక తప్పదని నాకు తెలుసు. కాని పడిన చోటు ఇది కావడం వల్ల, అర్జునుడి దుఃఖం పూర్తిగా వినకముందే ఓదార్పు మొదలైంది. సంగీతం దుఃఖాన్ని చెప్పగలిగినంత బాగా మరే కళా చెప్పలేదు. ఘంటసాల గొంతు కరుణను చెప్పగలిగినంత బాగా చెప్పిన మగ గొంతు తెలుగులో మరొకటి లేదు. అటువంటి గొంతుకు "సీదంతి మమ గాత్రాణి" పాడే అవకాశం లేకుండా పోవడం ఈ ఆల్బమ్‌లో పెద్ద లోటని నేను ఇప్పటికీ అనుకుంటాను.

దీన్ని తీసుకెళ్లి చావింట్లో పెట్టండి. మా తాతయ్య పోయిన రోజు నాకు పన్నెండేళ్లు. వాకిట్లో వేపచెట్టుకు మైకుసెట్టు అబ్బాయి గొట్టం కట్టాడు, అరుగు మీద పాత టేపురికార్డరు పెట్టాడు. పేరు చెరిగిపోయిన క్యాసెట్టు అది. మొదటి పక్క అయిపోగానే రెండో పక్క తిప్పకుండా మళ్లీ వెనక్కి తిప్పేవాడు; రీలు వెనక్కి తిరిగే ఆ కీచుమనే శబ్దం కూడా నాకు గీతలో భాగంగానే గుర్తుండిపోయింది. ఆ విధంగా ఆ పూటంతా మేము మొదటి కొన్ని అధ్యాయాలే పదే పదే విన్నాం. యాభై ఏళ్ల కాపురం చేసిన మనిషి పక్కన కూర్చున్న మా నాయనమ్మకు, నెత్తి మీద ఆ గొట్టంలోంచి, దుఃఖించడం తగదని గంటకోసారి చెబుతున్నారు. పెద్దయ్యాక ఈ దృశ్యం తలుచుకుని నాకు చాలా కోపం వచ్చేది. దుఃఖంలో ఉన్న మనిషికి ఆ మాట చెప్పడానికి వేళ అదేనా అని.

ఒక రోజు ఆ కోపం నాయనమ్మ దగ్గరే వెళ్లగక్కాను. ఆవిడ కాసేపు నా వైపు చూసి "వద్దంటే వద్దన్నాడు గానీ, ఎంత బాగా ఏడ్చాడ్రా ఆ మహానుభావుడు" అంది. ఆవిడ విన్నది గొంతును. ఆ గొంతు ఆవిడతో పాటు ఏడుస్తోందని ఆవిడకు అనిపించింది. ఆ మాట పట్టుకుని తిరిగి విన్నాను, ఎన్నోసార్లు విన్నాను. "జాతస్య హి ధ్రువో మృత్యుః" దగ్గర పదాలు చెప్పేది అనివార్యమైన దానికి శోకించకూడదని. ఆ పదాలను మోసే స్వరం మాత్రం పై స్థాయికి వెళ్లి, అక్కడ నిలిచి, దిగేటప్పుడు తొందరపడకుండా దిగుతుంది. పుష్పవిలాపంలో పూలు మాట్లాడినప్పుడు విన్న జాలి ఇక్కడ కూడా ఉంది. ఈ రికార్డింగు నాటికి ఆయన ఆరోగ్యం దెబ్బతిని ఉంది. గొంతులో పాత జవ లేదు, ఒక అలసట ఉంది, మాట మాటకూ ఊపిరి చూసుకుంటున్న జాగ్రత్త ఉంది. "వాసాంసి జీర్ణాని" అని జీర్ణ వస్త్రాలను విడిచిపెట్టే ఆత్మ గురించి చెబుతున్న మనిషి గొంతే జీర్ణమవుతూ ఉండటం ఎవరూ అనుకుని చేసినది కాదు. 1974 ఫిబ్రవరి 11న ఆయన పోయారు, రికార్డు ఆ తరువాత బయటికి వచ్చింది. మొదటిసారి విన్నవాళ్లు అందరూ లేని మనిషి గొంతునే విన్నారు, చనిపోయినవాడే చావును గురించి ధైర్యం చెబుతుంటే విన్నారు. చావిళ్లు దీన్ని ఎన్నుకోవడానికి అంతకంటే బలమైన కారణం నాకు కనిపించదు.

మరొక కారణం సామాజికమైనది. మన సమాజంలో చావు చప్పుడు కులానికి ఒకటిగా ఉండేది. కొన్ని ఇళ్లలో డప్పు, కొన్ని ఇళ్లలో దాసరి శంఖమూ జేగంటా, కొన్ని ఇళ్లలో భజన, కొన్ని ఇళ్లలో మంత్రం తప్ప మరే చప్పుడూ లేదు. 1980ల్లో చవక క్యాసెట్టు వచ్చాక, మైకుసెట్టు అద్దెకు దొరికే ప్రతి వాడలోకీ ఒకే గీత వెళ్లింది. సంస్కృత శ్లోకం, దాని తాత్పర్యం, పురోహితుడు గడప తొక్కని ఇళ్లకు కూడా అడగకుండానే చేరాయి. దీన్ని బ్రాహ్మణీకరణ అనేవాళ్లున్నారు, ఆ మాటలో నిజం లేకపోలేదు: డప్పు వెనక్కి తగ్గిన చోట్ల ఒక గొప్ప కళ వెనక్కి తగ్గింది, దాన్నే నమ్ముకున్నవాళ్ల చేతికి వచ్చే కూలీ కూడా తగ్గింది. అది ఊరికే దాటవేయగల నష్టం కాదు. అయినా, తన భర్త పక్కన కూర్చుని ఒక స్త్రీ, వేరెవరి అనుమతితోనూ పని లేకుండా, గీత వినగలిగిందన్నది కూడా చిన్న విషయం కాదు. ఈ రెండింటిలో దేన్నో ఒకదాన్ని ఎంచుకోమంటే నేను ఎంచుకోలేను.

నేను గట్టిగా వాదించదలచినది మిగిలిన భాగం గురించి. చావును గురించిన శ్లోకాలు ఈ ఆల్బమ్‌లో ఎన్ని? రెండో అధ్యాయం మొదట్లో ఆరేడు, ఎనిమిదో అధ్యాయంలో అంత్యకాల స్మరణ గురించి కొన్ని, విశ్వరూపం దగ్గర మరికొన్ని. తక్కినదంతా బతుకు గురించి. కోపం ఎలా పుడుతుంది, కోపంలోంచి మతి ఎలా చెడుతుంది అన్న "ధ్యాయతో విషయాన్ పుంసః" ఒక మనస్తత్వ పాఠం. పెద్దవాళ్లు ఏం చేస్తే లోకం అదే చేస్తుందన్న "యద్యదాచరతి శ్రేష్ఠః" పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ రోజూ వినపడవలసినది. తిండి, నిద్ర, పని, విశ్రాంతి మితంగా ఉండాలన్న "యుక్తాహార విహారస్య" ఆరో అధ్యాయంలో ఉంది. తొమ్మిదిలో ఆకో పువ్వో పండో నీళ్లో ఏది పెట్టినా తింటానన్న "పత్రం పుష్పం" ఉంది. భోజనానికి ముందు చెప్పుకునే "బ్రహ్మార్పణం" నాలుగులో ఉంది. వీటిని ఘంటసాల గొంతులో విన్నవాళ్లు ఎంతమంది? శ్మశానానికి దారి ఎంత దూరమని ఈ అధ్యాయాలు రావడానికి?

పదకొండో అధ్యాయం సంగతి మరీ బాధాకరం. ఆల్బమ్ నడక అంతటికీ అది శిఖరం. అంతవరకు ఎక్కువ శ్లోకాలు పాదానికి ఎనిమిది అక్షరాల అనుష్టుప్పులో, మాట్లాడుతున్నట్టు నడుస్తాయి. అర్జునుడు విశ్వరూపం చూసి "పశ్యామి దేవాంస్తవ దేవ దేహే" అనగానే పాదం పదకొండు అక్షరాలకు పెరుగుతుంది. వ్యాసుడే అక్కడ ఛందస్సు మార్చాడు. భయంతో, ఆశ్చర్యంతో ఊపిరి పొడుగైనట్టు పాదం పొడుగవుతుంది. అక్కడిదాకా ఓదార్పు చెప్పిన గొంతే ఇప్పుడు భయపడే అర్జునుడి గొంతు కావాలి, ఆ వెంటనే "కాలోస్మి" అనే కాలపురుషుడి గొంతూ కావాలి. రెండు పాత్రలనూ ఒకే మనిషి, వేషమూ వెలుగులూ ఏమీ లేకుండా, గొంతుతో మాత్రమే నిలబెట్టడం చూస్తే, పాతికేళ్ల పౌరాణిక చిత్రాల అనుభవమంతా ఆయన ఇక్కడ ఖర్చుపెట్టారనిపిస్తుంది. మొదటి అధ్యాయంలో అర్జునుడికి దక్కని నోరు ఇక్కడ కొంత దక్కింది. నా పేచీకి ఆల్బమ్ ఇచ్చే సమాధానం ఏదైనా ఉంటే అది ఇదే, అది ఆలస్యంగానైనా వస్తుంది. అది వినాలంటే క్యాసెట్టు రెండో పక్కకు తిప్పి ఉండవలసింది.

నూరు శ్లోకాలకు కుదించిన గీత గీతే కాదనే పండితులకు నా దగ్గర పెద్ద జవాబు లేదు. వాళ్ల మాట నిజమే, 700 శ్లోకాలు చదవవలసినవే. కాని ఏ కాలంలోనైనా గీతను ఎక్కువమంది విన్నది ఎంపికల ద్వారానే, ఎవరో ఒకరి గొంతు ద్వారానే. గీతను ఎవరు ఎంచుకున్నా ఆ ఎంపికలో వాళ్ల జీవితం కనపడుతుంది. ఈ ఎంపికలో నాకు ఒక గృహస్థు కనపడతాడు. మధుకరం తిన్న రోజులు మరచిపోని, అన్నం విలువ తెలిసిన, ఒళ్లు సహకరించని రోజుల్లో పని పూర్తి చేయాలని కూర్చున్న గృహస్థు.

ఆ రోజు ఎదురింటావిడ వెళ్లిపోయాక నేను రికార్డు ఆపేశాను. మధ్యాహ్నం కిటికీలు మూసి, తలుపు గడియ పెట్టి, చిన్న శబ్దంతో ఆపిన చోటి నుంచి మళ్లీ పెట్టాను. అమ్మ ఈసారి ఏమీ అనలేదు. విశ్వరూపం వచ్చేసరికి ఆమె పప్పుకు పోపు పెడుతోంది. పదిహేనో అధ్యాయం దగ్గర మేమిద్దరం కంచాల ముందు కూర్చున్నాం. అమ్మ ఎప్పటిలాగే అన్నం చుట్టూ నీళ్లు తిప్పి, కళ్లు మూసుకుని "అహం వైశ్వానరో భూత్వా" అని పెదవుల్లో మొదలుపెట్టింది. సరిగ్గా రెండు మాటలు వెనకగా, హాల్లోంచి ఆయన కూడా అదే అందుకున్నారు. అమ్మ కళ్లు తెరిచి, ఆగి, ఆయన తనను కలుసుకునేదాకా ఉండి, "ప్రాణినాం దేహమాశ్రితః" నుంచి ఆయనతో కలిసి పూర్తి చేసింది. తరువాత నా కంచంలోకి నెయ్యి వంచుతూ, "ఇది కూడా పాడాడా!" అంది.